ఎలుగు మూత తెరవలేదు

జీడికొండ అడవి విడిదిలో ఆరేళ్లుగా ఒక్క ఎలుగుబంటి కూడా మనుషుల తిండి ముట్టుకోలేదు. ఈ సంగతి పై ఆఫీసుకు తెలిసిన రోజున అక్కడ పెద్ద కలవరమే పుట్టింది. ఉత్తర్వు లేదు, కమిటీ లేదు, కనీసం ఒక ఫైలు నంబరైనా లేదు. అలాంటిది ఆరేళ్లపాటు తిండి భద్రంగా ఉండటమేమిటి? ఇది ఎవరి అనుమతితో జరుగుతోంది?

శ్రీకాకుళం జిల్లాలో, సముద్రానికి కాస్త ఎడంగా, జీడితోటలు కొండను ఆనుకున్నచోట అటవీశాఖవాళ్లు ఎనిమిది గుడారాలు వేసి దానికి విడిది అని పేరు పెట్టారు. శనివారం సాయంత్రం విశాఖ నుంచి కార్లలో జనం దిగుతారు. ఇంట్లో దోమ కుడితే మునిసిపాలిటీని తిట్టేవాళ్లు ఇక్కడ దోమ కుడితే ప్రకృతి అని మురిసిపోతారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లిపోతారు. కొండమీద ఎలుగులున్నాయి. జీడిపళ్ల కాలంలో జీడిపళ్లకు, పనసపళ్ల కాలంలో పనసకు, ఏ కాలమూ కానప్పుడు చెదపుట్టలకు అవి దిగి వస్తూనే ఉంటాయి. వాటి దారి వాటిది.

విడిదిలో వంటమనిషి గవరమ్మ. ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. ఆమె పద్ధతి ఏమిటంటే, ఎంతమందికో అంతే వండటం, మిగిలింది మిగల్చకుండా పంచెయ్యడం, పొద్దుగూకేలోపు గిన్నెలు బూడిదతో తోమేసి తొక్కలూ ఎముకలూ దూరంగా లోతుగా పాతిపెట్టడం. బియ్యం, పప్పులు, నూనె వంటపాకలో చెక్క తలుపు వెనక ఉండేవి. తలుపుకు అడ్డంగా ఒక ఇనప గడియ. అంతే. ఇంత చిన్న సంగతిని కాగితం మీద పెట్టాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఆమెకు కాగితంతో ఉన్న సంబంధం ఒక్కటే. ఏటా దసరా నెలలో ఆమె ఒప్పందం ముగుస్తుంది. పై ఆఫీసు నుంచి మళ్లీ ఉత్తర్వు వస్తే ఇంకో ఏడాది ఉద్యోగం ఉంటుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఇల్లు ఆ ఉత్తర్వు మీదే నడుస్తోంది. కూతురు నర్సింగు రెండో ఏడు చదువుతోంది. అందుకే భాద్రపదం వచ్చిందంటే గవరమ్మకు సరిగ్గా నిద్రపట్టదు.

ఈసారి భాద్రపదంలో ఉత్తర్వు కంటే ముందు త్రివిక్రమరావుగారు వచ్చారు. ఆయన ఎలుగు భద్రతా ప్రత్యేకాధికారి. ఆ పదవి కొత్తగా పుట్టింది. దానికోసం ఆయన్ను మంచు దేశం ఒకదానికి పంపి పదకొండు రోజులు శిక్షణ ఇప్పించారు. అక్కడి జనం అడవిలో గుడారం వేసుకుంటే తిండిని ఎలుగుకు అందకుండా ఎలా దాస్తారో ఆయన కళ్లారా చూసి, పుస్తకం నిండా రాసుకుని వచ్చారు. ఆ ఎలుగులు వేరు, మన ఎలుగులు వేరు కదా అన్న ప్రశ్న శిక్షణలో ఎవరూ అడగలేదు. ఆయనా అడగలేదు.

ఆయన వెనకాలే లారీలో పెట్టె వచ్చింది.

ఉక్కు పెట్టె. నిలువునా మనిషి పట్టేంత ఉంది. దించడానికి తొమ్మిదిమంది కావాల్సి వచ్చింది. మూత మీద ఇత్తడి రేకు, రేకు మీద త్రివిక్రమరావుగారి పేరు, హోదా, "ఈ పెట్టె రక్షణకు సర్వబాధ్యత వహించు అధికారి" అన్న మాటలూ చెక్కి ఉన్నాయి. ఆయన ఆ రేకును జేబురుమాలుతో తుడిచి, విడిది సెక్షన్ అధికారి బెండి జోగారావును పిలిచి మార్గదర్శకాలు చదవమన్నారు. జోగారావుది పక్క ఊరే. గవరమ్మను అక్క వరసన అప్పా అని పిలుస్తాడు. పై అధికారి ఏం చెప్పినా సరేనంటాడు, కిందివాళ్లు ఏం చెప్పినా నిజమేనంటాడు. అందుకే ఇన్నాళ్లూ బదిలీ కాలేదు.

జోగారావు గొంతు సవరించుకుని చదివాడు. "ఒకటి. వంటశాల, ఆహార నిల్వ పెట్టె, శయన గుడారములు పరస్పరము వంద మీటర్ల దూరమున త్రిభుజాకారములో ఉండవలెను. రెండు. ఆహారము నోటిలో గాని, వంటపాత్రలో గాని, పళ్లెములో గాని ఉన్న సమయము మినహా సర్వకాల సర్వావస్థలయందు పెట్టెలోనే ఉండవలెను..."

అలా చదువుతూ ఏడో నిబంధన దగ్గర గొంతు తగ్గించాడు. "ఎలుగు సంఘటన ఏదేని జరిగిన పక్షమున అందుకు వంటమనిషియే బాధ్యురాలు. ఆమె ఒప్పందము పునరుద్ధరింపబడదు."

గవరమ్మ గరిటె కింద పెట్టేసింది. "అదేటి బాబూ? ఎలుగొస్తే నానేటి సేస్తాను? నాను పిలిస్తే వొస్తాదేటి?"

"భయపడకు గవరమ్మా" అన్నారు త్రివిక్రమరావుగారు చల్లగా. "పెట్టె ఉండగా సంఘటనకు ఆస్కారం లేదు. సంఘటన జరిగిందంటే అది పెట్టె లోపం కాజాలదు. కాబట్టి మిగిలేది నువ్వే. ఇది తర్కం."

మర్నాడు పప్పు వండే వేళకు తర్కం పొయ్యి దాకా వచ్చింది.

పప్పు ఉడికింది. గవరమ్మ మూకుడులో నూనె పోసింది. నూనె కాగింది. ఆవాలు పెట్టెలో ఉన్నాయి. పెట్టె వంద మీటర్ల అవతల ఉంది. ఆమె బొడ్డున దోపుకున్న తాళంచెవి పట్టుకుని పరుగెత్తింది, మూత ఎత్తింది, ఆవాలూ జీలకర్రా ఎండుమిరపకాయలూ చేతిలో వేసుకుంది, పెట్టెలోంచి ఏది తీసినా ఎక్కించాల్సిన కదలికల పుస్తకంలో "ఆవాలు, చెంచాడు, బయలుదేరినవి" అని రాసింది, మళ్లీ పరుగెత్తింది. పాక నిండా పొగ. నూనె మాడి నల్లగా అయింది.

"బాబూ, నూనె ఆగదు గదా" అని ఆయాసపడుతూ చెప్పుకుంది.

"అయితే ఆవాలు ముందే తెచ్చిపెట్టుకో."

"అలగేనండి. అయితే నూనె కాగీదాకా ఆవాలు పెట్టికి బయటుంటాయి గదా?"

"ఉంటాయి. అది రెండో నిబంధన ఉల్లంఘన."

"పోనీ పొయ్యినే పెట్టికాడ ఎడతాను."

"అది ఒకటో నిబంధన ఉల్లంఘన."

ఆయన చాలాసేపు ఆలోచించారు. తప్పు పెట్టెలో లేదు, నిబంధనల్లో లేదు. ఎక్కడ ఉందో ఆయనకు సాయంత్రానికి దొరికింది. తప్పు పోపులో ఉంది. "ఇకపై విడిదిలో పోపురహిత వంట" అని ఉత్తర్వు రాశారు. ఆ ఆదివారం పోపు లేని పప్పు, పోపు లేని చారు, పోపు లేని పెరుగుపచ్చడి తిన్న విశాఖ జనంలో ఒకాయన ఇది గొప్ప ఆరోగ్య విధానమని మెచ్చుకుని, పద్ధతి ఏమిటో రాసిమ్మని గవరమ్మను అడిగాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఎలుగుకు కన్ను కంటే ముక్కు చురుకని త్రివిక్రమరావుగారికి పుస్తకంలో ఇంకో పేజీ కనబడింది. దాంతో నాలుగో నిబంధనను సవరించారు. "వాసన గల ప్రతి వస్తువును ఆహారముగా పరిగణింపవలెను." సబ్బులు, పళ్లపొడి, తలనూనె, పౌడరు, జోగారావు జలుబుకు రాసుకునే మందు, అన్నీ పెట్టెలోకి వెళ్లాయి. ఒక పెద్దావిడ తలలోని మల్లెపూల దండ తీయించి పుస్తకంలో "ఆహారము, మూరెడు" అని రాయించారు. ఆవిడ రెండు రోజులూ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ తరువాత ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది. పళ్లెంలో ఉన్నప్పుడు ఆహారం, పెట్టెలో ఉన్నప్పుడు ఆహారం. మరి కడుపులోకి వెళ్లాక? రెండు రోజులు గదిలో కూర్చుని రాసి పట్టుకొచ్చారు. "భోజనము చేసిన వ్యక్తిని తదుపరి రెండు గంటల పర్యంతము ఆహార నిల్వ పాత్రగా పరిగణింపవలెను. అట్టి పాత్రలు గుడారములను, వంటశాలను సమీపింపరాదు."

"అంటే నేను పాత్రనా?" అన్నాడు భోజనం చేసి గుడారంలోకి పోబోతున్న ఒక బ్యాంకు పెద్దమనిషి.

"తాత్కాలికంగా" అన్నారు త్రివిక్రమరావుగారు మర్యాదగా.

పాత్రలు కూర్చోవడానికి కొండవైపు సున్నంతో ఒక గుండ్రం గీయించి దానికి విశ్రాంతి వలయమని పేరు పెట్టారు. అది చూసి గవరమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఓలమ్మో! అది ఎలుగుదారి బాబూ. ఆ పక్కనే సెదపుట్టలున్నాయి. పొద్దోతే అటే దిగుతాది. ఊళ్లో ఎవుల్నడిగినా సెప్తారు."

ఆయన జోగారావును పటం తెమ్మన్నారు. ఇద్దరూ పటాన్ని జీపు ముందు భాగం మీద పరిచి చూశారు. అందులో ఎలుగుదారి లేదు. పటం మడిచేశారు.

ఇంతలో దసరా వచ్చింది. శాఖకు చెందిన ప్రతి పనిముట్టుకూ, వాహనానికీ ఆయుధపూజ చేయించి ఫొటోలు పంపాలని పై ఆఫీసు ఏటా రాస్తుంది. విడిదిలో ఇన్నాళ్లూ రెండు గొడ్డళ్లు, ఒక జీపు ఉండేవి. వాటికి నిమ్మకాయలు తొక్కించి, కుంకుమ పెట్టి సరిపెట్టేవారు. ఈ ఏడాది పెట్టె ఉంది. పెట్టెకు తగిన పూజ పెట్టెకు జరగాలన్నారు త్రివిక్రమరావుగారు. టెక్కలి వైపు నుంచి పంతులుగారిని పిలిపించారు. గవరమ్మ చేత తలస్నానం చేయించి, మడిగా పులిహోర, చక్కెరపొంగలి వండించారు. పులిహోరకు పోపు తప్పదని పంతులుగారు పట్టుబట్టడంతో ఆ ఒక్క పూటకూ మినహాయింపు ఉత్తర్వు రాశారు.

సాయంత్రం నాలుగు గంటలకు పెట్టెకు పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఇటు ఒక అరటిగెల, అటు ఒక అరటిగెల కట్టారు. కొబ్బరికాయలు పదకొండు కొట్టి, చిప్పలు మూత చుట్టూ పేర్చారు. బెల్లం దిమ్మ నైవేద్యం పెట్టారు. తరువాత పంతులుగారు పంచామృతం గిన్నె ఎత్తారు. పాలు, పెరుగు, నెయ్యి, పంచదార, అన్నిటికంటే ఎక్కువగా కొండతేనె.

గవరమ్మ ఉండబట్టలేకపోయింది. పంతులుగారికి వినబడకుండా త్రివిక్రమరావుగారి దగ్గరకు వెళ్లి మెల్లగా అంది. "బాబుగారూ, ఆ తేనె పొయ్యకండి. నా మాటినండి. ఎలుగు తేనికోసం కొండెక్కి చెట్టెక్కుతాది. ఇక్కడ నేలమీదే పోసీస్తే ఊరుకుంటాదేటి?"

"నాలుగో నిబంధన ఆహారానికి సంబంధించినది గవరమ్మా. ఇది ప్రసాదం."

"ప్రసాదమని ఎలుగుకి ఎవులు సెప్తారు బాబూ?"

"ప్రసాదాన్ని ఆహారమని రాయమంటావా? నా చేత్తో నేను రాయను. నీకు దేవుడంటే భక్తి లేదా?"

గవరమ్మ వెనక్కి తగ్గింది. భక్తి లేకేం, పొద్దున్నించీ నీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా ఆ పొంగలి వండింది తనే. కానీ భయం వేసింది. ఒప్పందం కాగితం ఈ నెలలోనే రావాలి. ఏడో నిబంధన కళ్లముందు ఆడింది. పంచామృతం పెట్టె మీద నాలుగువైపులా కారుతుంటే జోగారావు ఫొటోలు తీశాడు.

పూజ అయ్యాక అందరూ ప్రసాదం తిన్నారు. తిన్నారు కాబట్టి పాత్రలయ్యారు. విశాఖ నుంచి పిల్లలతో వచ్చిన తొమ్మిదిమందీ, పంతులుగారూ, జోగారావూ, ఆదర్శంగా ఉండాలని త్రివిక్రమరావుగారూ విశ్రాంతి వలయంలో చాపలు వేసుకుని కూర్చున్నారు. గవరమ్మ ఉపవాసం విడవలేదు గనక పాత్ర కాలేదు. పాక దగ్గర గిన్నెలు తోముకుంటూ ఉంది.

దీపాలు పెట్టే వేళకు చెదపుట్టల వైపు నుంచి జుర్రు జుర్రుమని చప్పుడు వినబడింది. పెద్ద గిన్నెలో చారు ఎవరో ఎత్తి తాగుతున్నట్టుంది. దసరాకు మళ్లీ వచ్చి వలయంలో కూర్చున్న బ్యాంకు పెద్దమనిషి పంతులుగారి వైపు అనుమానంగా చూశాడు. గవరమ్మకు మాత్రం అది ఏమిటో వెంటనే తెలిసింది. పళ్లెం తీసుకుని గరిటెతో దబదబా వాయిస్తూ అరిచింది.

"పరిగెత్తకండి! ఎవులూ పరిగెత్తకండి! పిల్లల్ని సంకనేసుకుని మెల్లగా ఇటు రండి. ఎనక్కి సూడకండి. బాబుగారూ, మీరూ రండి, ఆ పుస్తకం వొదిలీండి!"

"రెండు గంటలు కాలేదు గవరమ్మా, వంటశాలను సమీపింపరాదు..."

"జోగిబాబూ, ఆయన్ని లాక్కొచ్చీ!"

జోగారావు జీవితంలో మొదటిసారి పై అధికారి మీద చెయ్యి వేశాడు. అందరూ పాకలో పడ్డారు. గవరమ్మ మనుషుల్ని లెక్కపెట్టుకుని గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

నల్లగా, బొచ్చుగా, గుండెల మీద తెల్లటి నామంతో ఎలుగు పుట్టల వెనక నుంచి వచ్చింది. వలయంలో చాపలు వాసన చూసి, వాటిలో తనకు పనికొచ్చేదేమీ లేదని తేల్చుకుని సూటిగా పెట్టె దగ్గరకు నడిచింది. ముందు ఒక గెల తిన్నది. తరువాత రెండో గెల. కొబ్బరిచిప్పలు ఒక్కొక్కటే ముందుకాళ్లతో పట్టుకుని గీకింది. బెల్లం దిమ్మను నోట కరుచుకుని కూర్చుని, కళ్లు మూసుకుని చప్పరించింది. చివరికి పెట్టెను నాకడం మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, మూలలు, మడతబందులు, తాళం కన్నం, ఇత్తడి రేకు, ఏదీ వదల్లేదు.

త్రివిక్రమరావుగారు తలుపు సందుకు కన్ను ఆనించి చూస్తున్నారు. "చూశారా? చూశారా? మూత తెరవలేకపోతోంది!"

"తెరవాలని దానికి లేదు గదండీ" అన్నాడు బ్యాంకు పెద్దమనిషి.

"అదే కదా విజయం!"

లోపల పిల్లలు ఆకలని ఏడుపు మొదలుపెట్టారు. వంటపాకలో తినడానికి ఒక్క గింజ లేదు. అంతా పెట్టెలో భద్రంగా ఉంది. ఎలుగు గంటసేపు తీరిగ్గా పని ముగించుకుని, బంతిపూల దండ మాత్రం వదిలిపెట్టి కొండెక్కింది.

తెల్లవారాక చూస్తే పెట్టె అద్దంలా మెరుస్తోంది. ఒక్క గీత పడలేదు. త్రివిక్రమరావుగారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, సంతోషంగా మూత మీద చెయ్యి వేసి, ఉన్నట్టుండి తీసేశారు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఎలుగు వచ్చింది. వస్తే దాన్ని సంఘటన అంటారు.

"జోగారావ్, రాసుకో" అన్నారు. "వంటమనిషి గవరమ్మ, పరిమితికి మించి సువాసన గల పొంగలి వండుట వలన..."

జోగారావు కలం కదల్లేదు. "అయ్యా, పొంగలి మీరే..."

"రాసుకో."

గవరమ్మ ఆ మాట విన్నది. ఆరేళ్లు. ఆరేళ్లలో ఒక్క ఎముక ముక్క బయట పడనివ్వలేదు. రాత్రి ఇంతమంది ప్రాణాలు కాచి, తాను పచ్చినీళ్లతో పడుకుంది. ఇప్పుడు ఈయన తేనె పోసి తన పొట్ట కొడుతున్నాడు. కొంగు బిగించి ముందుకు వచ్చింది.

"రాయండి బాబూ. రాసీముందు ఆ నాలుగోది ఓపాలి సదవండి."

జోగారావు గబగబా చదివాడు. వాసన గల ప్రతి వస్తువును ఆహారముగా పరిగణింపవలెను.

"బాబుగారూ, ఈ పెట్టిని ఓపాలి వాసన సూడండి."

ఆయన వంగి చూశారు. తేనె, నెయ్యి, పచ్చకర్పూరం, వాటన్నిటి మీదా ఎలుగు ఎంగిలి. "వాసన... వస్తోంది."

"అయితే ఇది తిండే గదా? తిండిని రాత్రంతా ఆరుబయట వొదిలీసినోలు ఎవులు? నాను కాదు. నా గిన్నెలు బోర్లించి ఉన్నాయి, సూసుకోండి. ఈ తిండికి బాధ్యులెవులో మూతమీద రాసుంది. ఎలుగు దాన్నీ నాకినాది గానీ, పేరు సెరగలేదు."

త్రివిక్రమరావుగారు రేకు వైపు చూశారు. నాకిన తరువాత ఆయన పేరు మరీ స్పష్టంగా కనబడుతోంది. ముఖం పాలిపోయింది. జేబురుమాలుతో ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగారు. "మరి ఆహారం పెట్టెలో ఉండాలి కదా? పెట్టెయే ఆహారమైతే దాన్ని దేంట్లో పెట్టాలి?"

"అది నాకేటి తెలుస్తాది బాబూ. పెద్ద సదువులు సదివినోలు మీరు."

అప్పుడు చూడాలి ఆయన కళ్లు! పాలిపోయిన ముఖంలోకి మళ్లీ రక్తం వచ్చింది. "ఇంకా పెద్ద పెట్టె!" అన్నారు. "పెట్టె నిల్వ పెట్టె! జోగారావ్, ఈ ఆలోచన ఆ దేశంలో కూడా ఎవరికీ రాలేదు!" ఆ ఊపులో పాత కాగితం చింపేసి కొత్తది రాయించారు. నిన్న ఎలాంటి సంఘటనా జరగలేదు. ఎలుగు మూత తెరవలేదు గనక అది రానట్టే పరిగణింపవలెను. పెద్ద పెట్టె వచ్చేవరకు చిన్న పెట్టెను నలభై కిలోమీటర్ల దూరంలోని డివిజన్ ఆఫీసులో, రికార్డుల గదిలో సురక్షితంగా ఉంచవలెను. దాన్ని ఎక్కించడానికి మళ్లీ తొమ్మిదిమంది కావాల్సి వచ్చింది. లోపలి సరుకులు గవరమ్మ పాకలోకి చేర్చుకుంది. పెద్దావిడ మల్లెదండ వాడిపోయి కనబడితే జాలేసింది.

పెట్టె చేరిన రోజు నుంచి డివిజన్ ఆఫీసులో గుమాస్తాలు వంద మీటర్ల అవతల రోడ్డు మీద నిలబడి టిఫిన్ బాక్సులు విప్పుకుంటున్నారని, టీ తాగి వచ్చినవాళ్లను రెండు గంటలు లోపలికి రానివ్వడం లేదని, అందువల్ల మధ్యాహ్నం పూట ఆఫీసులో ఎవరూ ఉండటం లేదని జోగారావు చెప్పాడు. ఈ తేడా బయటివాళ్లెవరూ ఇంకా గమనించలేదట.

నెలాఖరున అతనే ఉత్తర్వు తెచ్చాడు. గవరమ్మ చేతులు కొంగుతో తుడుచుకుని నిలబడింది.

"ఉందా బాబూ నా ఉద్దోగం?"

"ఉందప్పా. కానీ..." అతను తల గోక్కుని చదివాడు. "జీడికొండ విడిదిలో గత ఆరు సంవత్సరములుగా ఎలుగు సంఘటనలు శూన్యముగా ఉండుట ఎలుగు నిరోధక పెట్టె యొక్క ఘనతగా గుర్తించడమైనది."

"ఆరేళ్లా? పెట్టొచ్చి రెండు నెల్లే గదా?"

"అదే రాసినారు. ఇంకా ఉంది. పెట్టె ఉన్నచోట వంటమనిషి అవసరము లేనందున ఆ పోస్టు రద్దు. నిన్ను పెట్టె పరిరక్షకురాలిగా ఏడాదికి తీసుకున్నారు. జీతం అదే. ప్రతి సాయంత్రం పెట్టె దగ్గరకి ఎలుగు వచ్చిందో లేదో పుస్తకంలో రాయాల."

"పెట్టి ఇక్కడ లేదు గదా బాబూ."

"లేదు. అయినా రాయాల."

ఆమెకు మనసు చివుక్కుమంది. తన ఆరేళ్ల చాకిరీని ఒక ఇనప డబ్బాకు రాసిచ్చేశారు. ఒక్కసారైనా తన పేరు రాస్తారేమోనని ఎక్కడో ఆశ ఉండేదని అప్పుడే తెలిసింది. కాసేపు కాగితం వైపు చూసి, కూతురి ఫీజు గుర్తుచేసుకుని వేలిముద్ర అక్కర్లేదని కలం అడిగింది. ఐదో తరగతి దాకా చదివింది కదా.

వంట ఎవరు చేస్తారని శాఖలో ఎవరూ అడగలేదు. శనివారం జనం వచ్చారు, ఆమె వండింది, పొద్దుగూకేలోపు గిన్నెలు తోమి, తొక్కలు పాతిపెట్టి, గడియ వేసింది. తరువాత లాంతరు దగ్గర పెట్టుకుని పుస్తకం తెరిచి, నలభై కిలోమీటర్ల అవతల రికార్డుల గదిలో ఉన్న పెట్టెను తలచుకుని, గుండ్రటి అక్షరాలతో "పెట్టె దగ్గరకు ఎలుగు రాలేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆ పెట్టె గురించి శాఖ దగ్గరున్న కాగితాలన్నిటిలో పూర్తిగా నిజమైన వాక్యం అదొక్కటే.